సముద్రపు సూక్ష్మజీవుల నుంచి మందులు: అంత పెద్ద సముద్రం నుంచి ఇన్నేనా?

నీలికెరటం
సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఈ వేదికని చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

మా తమ్ముడికి ఏఎంఎల్ అనే రక్త క్యాన్సర్ వచ్చింది. మొదటి విడత చికిత్సలో ఏడు రోజులు పగలూ రాత్రీ ఆపకుండా ఒక మందు ఎక్కించారు. నీళ్ళలా తేటగా ఉంది. సంచీ మీద సైటరబిన్ అని రాసి ఉంది. మొదటి మూడు రోజులు దాంతోపాటు ఎర్రటి మందు ఇంకొకటి ఇచ్చారు. రాత్రుళ్ళు వాడి మంచం పక్కన కూర్చుని, ఆ చుక్కలు పడటం చూస్తూ, ఫోన్‌లో ఆ పేరు గురించి చదివాను. దాని మూలం సముద్రపు అడుగున ఉండే ఒక స్పాంజి అట! అప్పటినుంచి ఈ విషయం నన్ను వదలడం లేదు.

చదివేకొద్దీ ఇంకో మాట కనిపించింది. చాలా సందర్భాల్లో మందు తయారుచేసేది స్పాంజి కాదు, దాని ఒంట్లో కాపురం ఉండే సూక్ష్మజీవులు అని. అది నిజమేనా? నిజమైతే, సముద్రంలో అన్ని సూక్ష్మజీవులు ఉండగా మందులు వేళ్ళమీద లెక్కపెట్టేన్నే ఎందుకున్నాయి? తెలిసినవాళ్ళు ఓపిగ్గా చెబితే చదువుకుంటాను. నాది డిగ్రీ వరకు కామర్స్, కాబట్టి కొంచెం వివరంగా చెప్పండి.

మందులమాస్టారు
మంగళవారం, ఉదయం 6:45

నీలికెరటం గారూ, ముందు మీ తమ్ముడు త్వరగా కోలుకోవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. నేను ఫార్మకాలజీ పాఠం చెప్పి రిటైరయినవాణ్ణి. సైటరబిన్ గురించి క్లాసులో చెప్పిన ప్రతిసారీ నాకు కొత్తగానే ఉండేది.

1950ల మొదట్లో వెర్నర్ బెర్గ్‌మన్, రాబర్ట్ ఫీనీ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఫ్లోరిడా తీరంలో దొరికిన ఒక స్పాంజిని పరిశీలించారు. అందులో వింత పదార్థాలు రెండు దొరికాయి. మన డీఎన్ఏ, ఆర్ఎన్ఏ అక్షరాల్లాంటివే, కానీ వాటికి అతుక్కున్న చక్కెర వేరు. మామూలుగా ఉండాల్సిన రైబోజ్ బదులు అరాబినోజ్ ఉంది. ప్రకృతిలో అలాంటివి ఉంటాయని అంతకుముందు ఎవరూ అనుకోలేదు. ఆ నమూనా చూసి ల్యాబ్‌లో తయారుచేసినదే సైటరబిన్. 1969లో అమెరికాలో వాడకానికి అనుమతి వచ్చింది.

పనిచేసే తీరు ఇదీ: విపరీతంగా విభజన చెందుతున్న క్యాన్సర్ కణం డీఎన్ఏ అల్లుకుంటూ, దీన్ని తనకు కావలసిన అక్షరమే అనుకుని అల్లికలో కలిపేసుకుంటుంది. అక్కడితో అల్లిక ముందుకు సాగదు. ఏడు రోజులు ఆపకుండా ఎక్కించడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. డీఎన్ఏ అల్లుకునే దశలో ఉన్న కణాన్నే అది దెబ్బతీయగలదు, పైగా ఒంట్లో తొందరగా విరిగిపోతుంది. ఒక్కో కణం ఒక్కో సమయంలో ఆ దశకి వస్తుంది కాబట్టి మందు అక్కడ కాచుకుని ఉండాలి.

మీరు చూసిన ఎర్ర మందు బహుశా డానోరుబిసిన్. అది నేలలో ఉండే స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా నుంచి వచ్చింది. అంటే ఆ మూడు రోజులూ మీ తమ్ముడికి ఒక చేతి నుంచి సముద్రమూ, ఇంకో చేతి నుంచి నేలా సాయం పట్టాయన్నమాట.

అగరుపళ్ళెం
మంగళవారం, ఉదయం 9:10

మాస్టారు చెప్పాక రెండో ప్రశ్నకి నేను వస్తాను. సముద్రపు అడుగు మట్టిలోంచి బ్యాక్టీరియాని పెంచడమే పదకొండేళ్ళుగా నా పని.

స్పాంజి కదలలేదు. పళ్ళు లేవు, గుల్ల లేదు, పారిపోవడానికి కాళ్ళు లేవు. నీటిని ఒంట్లోంచి వడకట్టుకుని తినడమే దాని బతుకు. కిలో బరువున్న స్పాంజి రోజుకి వేల లీటర్లు వడకడుతుంది. కొన్ని జాతుల్లో ఒంటి బరువులో మూడో వంతు పైగా బ్యాక్టీరియాయే ఉంటుంది. చేపలు కొరక్కుండా, మరో జీవి వచ్చి మీద కూర్చోకుండా కాపాడే విషాలు చాలావరకు ఈ అద్దెకున్నవాళ్ళు వండిపెట్టేవే. ఇల్లు ఒకరిది, వంట ఇంకొకరిది.

మూడు ఉదాహరణలు చెబుతాను.

ట్రాబెక్టెడిన్ అనే క్యాన్సర్ మందు. ఎక్టినాసిడియా టర్బినేటా అనే సముద్ర జీవిలో దొరికింది. గ్రాము మందు కావాలంటే టన్ను దాకా జీవుల్ని తీయాలి. అలా తీసుకుంటూ పోతే రోగులకి మందు అందేలోపు ఆ జీవే మిగలదు. తర్వాత తేలింది, అసలు తయారీదారు దాని ఒంట్లో ఉండే బ్యాక్టీరియా అని. ఆ బ్యాక్టీరియాని విడిగా పెంచడం కుదరలేదు. అయితే సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే ఇంకో బ్యాక్టీరియా దాదాపు అదే ఆకారం ఉన్న సఫ్రాసిన్ అనే పదార్థం తయారుచేస్తుంది. దాన్ని ట్యాంకుల్లో పెంచి, సఫ్రాసిన్ తీసి, అక్కణ్ణించి రసాయన పద్ధతిలో మందు దాకా తెచ్చారు. 2007లో యూరప్‌లో అనుమతి వచ్చింది.

రెండోది బ్రయోస్టాటిన్. బుగ్యులా నెరిటినా అనే నాచులా కనిపించే చిన్న జీవి, ఓడల అడుగున, రేవు గోడలకి అతుక్కుని ఉంటుంది. 13 టన్నుల జీవుల్ని పోగుచేస్తే వచ్చింది 18 గ్రాములు. అక్కడా తయారీదారు బ్యాక్టీరియానే. ఆ జీవి పిల్లల మీద ఆ విషం పూతలా ఉంటుంది, చేప నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది.

మూడోది డోలాస్టాటిన్ 10. హిందూ మహాసముద్రంలో ఉండే సముద్రపు కుందేలు, అంటే గుల్ల బయటికి కనపడని ఒక రకం నత్త, దాన్నుంచి జార్జ్ పెటిట్ బృందం తీసింది. టన్నున్నర నత్తల నుంచి 30 మిల్లీగ్రాములు కూడా రాలేదు. అది కూడా నత్త సొంతం కాదు. అది మేసే నీలి ఆకుపచ్చ సయనోబ్యాక్టీరియాది. 2001లో పలావు దీవుల దగ్గర ఆ సయనోబ్యాక్టీరియాలో నేరుగా దొరికింది.

కాబట్టి మీరు చదివినది నిజమే. మీ తమ్ముడి మందు వెనకున్న స్పాంజి విషయంలో అంత ఖాయంగా చెప్పను గానీ, ఈ మూడింటిలో మాత్రం వంట బ్యాక్టీరియాదే.

ప్రశ్నార్థకం
మంగళవారం, మధ్యాహ్నం 1:30

అగరుపళ్ళెం గారూ, బాగా రాశారు. కానీ నా సందేహం నేను అడగాలి. మీరు చెప్పిన మూడింటిలో ఒక్కటి కూడా సముద్రపు సూక్ష్మజీవిని పట్టుకొచ్చి, ల్యాబ్‌లో పెంచి, దాన్నుంచి నేరుగా తీసిన మందు కాదు. అన్నీ జంతువు దగ్గర మొదలై, రసాయన శాస్త్రం చేతుల్లో పూర్తయ్యాయి. 70 ఏళ్ళుగా వింటున్నాం, సముద్రం మందుల గని అని. పెంచిన సూక్ష్మజీవి నుంచి వచ్చి మందుల షాపులో ఉన్నది ఒక్కటి చూపించండి.

మందులమాస్టారు
మంగళవారం, సాయంత్రం 4:05

ఒకటి చూపిస్తాను. అదీ చిన్నా చితకా మందు కాదు.

1945. ఇటలీలోని సార్డీనియా దీవిలో కాలియారీ పట్నం. జుసెప్పే బ్రోత్సు అనే వైద్య ఆచార్యుడు ఒక సంగతి గమనించాడు. ఊరి మురుగు కలిసే చోటే జనం ఈదుతున్నారు, అయినా అనుకున్నంతగా టైఫాయిడ్ రావడం లేదు. ఆ మురుగు సముద్రంలో కలిసే దగ్గర నీళ్ళు తెచ్చి పెంచితే సెఫలోస్పోరియం అనే బూజు దొరికింది. దాని రసం టైఫాయిడ్ బ్యాక్టీరియాని ఆపింది. నమూనా ఆక్స్‌ఫర్డ్‌కి పంపాడు. అక్కడ ఎడ్వర్డ్ అబ్రహాం, గై న్యూటన్ కలిసి 1950లలో సెఫలోస్పోరిన్ సి వేరుచేశారు. ఈరోజు ఆసుపత్రుల్లో వాడే సెఫ్‌ట్రయాక్సోన్, సెఫిక్సిమ్, ఇంకా ఆ పేరుతో మొదలయ్యే మందులన్నీ ఆ కుటుంబమే.

ప్రశ్నార్థకం
మంగళవారం, సాయంత్రం 4:40

మాస్టారూ, అది మురుగు నీటి బూజు. సముద్రంలోకి కొట్టుకొచ్చి ఉండొచ్చు కదా. దాన్ని సముద్రపు ఖాతాలో రాయడం న్యాయమా?

మందులమాస్టారు
మంగళవారం, సాయంత్రం 5:15

ఆ మాట సబబే. ఆ బూజు నేల మీదా ఉంటుంది. దొరికింది సముద్రంలో, అంతవరకే చెప్పగలను. మీరు పెట్టిన షరతు, అంటే సముద్రంలోనే పుట్టి, సముద్రం లేకపోతే బతకని సూక్ష్మజీవి అన్నది తీసుకుంటే, గట్టి ఉదాహరణ ఇంకొకటుంది. అది అగరుపళ్ళెం గారే చెప్పాలి. రోజూ వాటితోనే ఉంటారు కాబట్టి.

అగరుపళ్ళెం
మంగళవారం, రాత్రి 10:50

మాస్టారు అంటున్నది సాలినిస్పోరా గురించి. ఇది కాస్త పెద్దగా రాస్తాను, ఎందుకంటే నేను ఈ పనిలోకి రావడానికి కారణం అదే.

నేల మీద యాంటీబయాటిక్‌ల చరిత్రంతా ఆక్టినోమైసిటీస్ అనే బ్యాక్టీరియా కుటుంబం చుట్టూ తిరుగుతుంది. 1943లో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది అందులోంచే. సముద్రపు మట్టిలో కూడా అవి కనిపిస్తుండేవి. కానీ పెద్దవాళ్ళంతా, అవి వర్షానికి నేల నుంచి కొట్టుకొచ్చి నిద్రపోతున్న బీజాలే, అసలు సముద్ర వాసులు కావు అనేవాళ్ళు. స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో విలియం ఫెనికల్, పాల్ జెన్సెన్ ఆ మాట ఒప్పుకోలేదు. బహామాస్ అడుగు మట్టి తెచ్చి పెంచారు. 1991 నాటికే వాళ్ళ చేతిలో ఒక వింత గుంపు ఉంది. సముద్రపు నీళ్ళు పోస్తేనే పెరుగుతుంది. మంచినీళ్ళతో చేసిన పళ్ళెంలో వేస్తే ఏమీ రాదు. కొట్టుకొచ్చిన బీజమైతే మంచినీళ్ళలో ఇంకా బాగా పెరగాలి కదా! ఆ ఒక్క పరీక్షతో అది సముద్రపు బిడ్డ అని తేలిపోయింది. తర్వాత దానికి సాలినిస్పోరా అని పేరు పెట్టారు.

అందులో సాలినిస్పోరా ట్రోపికా అనే జాతి నుంచి 2003లో సాలినోస్పోరమైడ్ ఎ అనే పదార్థం ప్రకటించారు. మన కణంలో పనికిరాని ప్రోటీన్లని ముక్కలుచేసే ప్రోటియజోమ్ అనే యంత్రం ఉంటుంది. క్యాన్సర్ కణం చెత్త ఎక్కువ పోగుచేస్తుంది కాబట్టి ఆ యంత్రం మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఈ పదార్థం వెళ్ళి ఆ యంత్రానికి అతుక్కుంటుంది, మళ్ళీ ఊడదు. దానికి మారిజోమిబ్ అని మందు పేరు పెట్టి, ఆ బ్యాక్టీరియాని ఉప్పునీటి ట్యాంకుల్లో పెంచి, మనుషుల మీద పరీక్షల దాకా తీసుకెళ్ళారు.

దీన్ని పట్టుకునే పద్ధతి చెబితే మీకు పని ఎంత నెమ్మదిదో అర్థమవుతుంది. తడి మట్టిని నేరుగా పళ్ళెంలో వేస్తే తొందరగా పెరిగే బ్యాక్టీరియా రెండు రోజుల్లో అంతా ఆక్రమిస్తుంది. అందుకని మట్టిని రాత్రంతా ఆరబెడతాం. తడి ఆరిపోయినా తట్టుకునే బీజాలున్నవి మిగులుతాయి. శుభ్రమైన ఫోమ్ ముక్కని ఆ పొడిమీద అద్ది, ఆ ముక్కనే వరసగా పళ్ళెం మీద ఎనిమిది తొమ్మిది చోట్ల అద్దుకుంటూ వెళ్తాం. ప్రతి అద్దుకీ బీజాలు తగ్గుతాయి, చివరి వాటిలో ఒంటరిగా పెరిగే చోటు దొరుకుతుంది. బూజు రాకుండా సైక్లోహెక్సిమైడ్ కలుపుతాం. ఆహారం తక్కువగా పెడతాం. ఎక్కువ పెడితే తిండిపోతులే గెలుస్తాయి. ఆపైన వేచి ఉండాలి. నాలుగు వారాలు, ఆరు వారాలు. పళ్ళేల అంచులు ఎండకుండా చుట్టూ టేపు వేసి పెట్టాలి.

ఇంకో మాట. సముద్రపు నీళ్ళని అలాగే ఆటోక్లేవ్‌లో, అంటే వేడి ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రంలో పెడితే తెల్లటి మడ్డి దిగుతుంది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు విడిపోతాయి. మొదటి ఏడాది ఆ మడ్డిని చూసి ఏదో పెరిగిందని సంబరపడినవాణ్ణి నేను. ఈ పళ్ళేలు గట్టిపడేలా చేసే అగర్ కూడా సముద్రపు ఎర్రనాచు నుంచే వస్తుంది. సముద్రపు జీవిని సముద్రం మీదే పెంచుతున్నాం.

కొత్తచిగురు
బుధవారం, ఉదయం 7:30

సర్, నేను బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం. ఉప్పునీళ్ళు బతకడానికి మాత్రమేనా, మందు తయారీకి కూడా కావాలా?

మందులమాస్టారు
బుధవారం, ఉదయం 8:20

చాలా మంచి ప్రశ్న వేశావు. తయారీకి కూడా కావాలి.

సముద్రపు నీరు లీటరులో 19 గ్రాముల దాకా క్లోరైడ్ ఉంటుంది. సాలినోస్పోరమైడ్ ఎ అణువులో ఒక క్లోరిన్ ఉంది. బ్యాక్టీరియా దాన్ని సముద్రం నుంచే తీసుకుంటుంది. ఇప్పుడు అణువు వెళ్ళి ప్రోటియజోమ్‌కి అతుక్కున్నాక ఏమవుతుందంటే, ఆ క్లోరిన్ ఊడి పక్కకి పోతుంది, అణువులో కొత్త వలయం ఒకటి బిగుసుకుంటుంది. తలుపు మూసి లోపలి నుంచి గడియ పెట్టినట్టు. ఇక వెనక్కి రావడం ఉండదు. క్లోరిన్ లేని తోబుట్టువు సాలినోస్పోరమైడ్ బి ఉంది. మిగతా అంతా అదే అయినా బలం చాలా తక్కువ. క్లోరైడ్ బదులు బ్రోమైడ్ పోసి పెంచితే బ్రోమిన్ పెట్టుకున్న అణువుని కడుతుంది. వంటవాడికి ఏ దినుసు అందితే దాంతో వండినట్టు.

1966లోనే పాల్ బుర్క్‌హోల్డర్ బృందం ప్యూర్టోరికో దగ్గర సముద్రపు గడ్డి మీదున్న బ్యాక్టీరియా నుంచి ఒక యాంటీబయాటిక్ తీసింది. దాని బరువులో 70 శాతం పైగా బ్రోమినే! నేల మీద అంత బ్రోమిన్ ఏ జీవికి దొరుకుతుంది? విషం ఎక్కువై అది మందు కాలేదు గానీ, సముద్రపు బ్యాక్టీరియా చేతిలో మనకి తెలియని దినుసులున్నాయని మొదట చెప్పింది అదే.

ప్రశ్నార్థకం
బుధవారం, ఉదయం 11:00

మారిజోమిబ్ చివరికి ఏమైందో కూడా చెప్పాలి కదా.

మందులమాస్టారు
బుధవారం, మధ్యాహ్నం 12:10

చెప్పాలి. అది రక్తం నుంచి మెదడులోకి వెళ్ళగలదు. అదే ప్రోటియజోమ్ మీద పనిచేసే బోర్టెజోమిబ్ అనే మందు అలా వెళ్ళలేదు. అందుకని గ్లయోబ్లాస్టోమా అనే మెదడు కణితి ఉన్నవాళ్ళ మీద, రేడియేషన్‌తో, టెమోజోలోమైడ్ అనే క్యాన్సర్ మందుతో కలిపి, 750 మంది దాకా పెద్ద పరీక్ష జరిగింది. ఆయుష్షు పెరగలేదు. దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయి.

నాకు ఆ ఫలితం చదివినరోజు బాధేసింది. ఆ కణితి ఎంతమందిని తీసుకుపోతుందో తెలిసినవాణ్ణి.

ప్రశ్నార్థకం
బుధవారం, మధ్యాహ్నం 12:35

నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు మాస్టారూ. నేను ఈ పని వద్దని అనడం లేదు. మా నాన్నగారు మందులకి లొంగని ఇన్ఫెక్షన్‌తో పోయారు. వాడిన ప్రతి యాంటీబయాటిక్ పక్కన కల్చర్ రిపోర్టులో ఆర్ అనే అక్షరం, లొంగదని. పద్దెనిమిది పేర్లు, పదిహేడు ఆర్‌లు. 2019లో ఒక్క ఏడాదిలో ఇలా లొంగని బ్యాక్టీరియా కారణంగానే ప్రపంచంలో 12.7 లక్షల మంది పోయారని లాన్సెట్ పత్రిక లెక్క. అందుకే ఎక్కడ ఆశ ఉందంటే అక్కడ గట్టిగా అడుగుతాను.

అగరుపళ్ళెం
బుధవారం, రాత్రి 9:30

ప్రశ్నార్థకం గారూ, మీ నాన్నగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు అలాగే అడగండి.

యాంటీబయాటిక్‌ల వైపు ఉన్నది చెబుతాను. జపాన్ సముద్రంలో 289 మీటర్ల లోతు మట్టి నుంచి దొరికిన వెరుకోసిస్పోరా అనే బ్యాక్టీరియా అబిస్సోమైసిన్ సి తయారుచేస్తుంది. అది కొట్టే చోటు ముఖ్యం. బ్యాక్టీరియా తమకు కావలసిన ఫోలేట్ అనే విటమిన్‌ని తామే తయారుచేసుకుంటాయి, మనం తిండి నుంచి తీసుకుంటాం. ఆ తయారీ దారిలో సల్ఫా మందులు కొట్టే మెట్టుకంటే ముందు మెట్టుని ఇది కొడుతుంది. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కి లొంగని స్టాఫ్ (స్టాఫిలోకాకస్) బ్యాక్టీరియా మీద పనిచేసింది. కాలిఫోర్నియా తీరపు మట్టి నుంచి ఫెనికల్ బృందమే 2013లో ఆంత్రాసైమైసిన్ ప్రకటించింది. అది ఆంత్రాక్స్ మీదా, అదే స్టాఫ్ మీదా పనిచేసింది. రెండూ ఇంకా మందులు కాలేదు. పళ్ళెంలో బ్యాక్టీరియాని చంపడం మొదటి మెట్టే. రక్తంలో నిలవాలి, కాలేయాన్ని పాడుచేయకూడదు, కిలోల్లో తయారవ్వాలి.

తెల్లకోటు
గురువారం, ఉదయం 5:50

రాత్రి డ్యూటీ దిగి చదువుతున్నాను. నేను క్యాన్సర్ వార్డులో నర్సుని.

డోలాస్టాటిన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి వార్డు వైపు నుంచి ఒక మాట. డోలాస్టాటిన్ నేరుగా మనుషులకిచ్చినప్పుడు పనికిరాలేదు. కానీ దానికి దగ్గరి అణువు ఎంఎంఏఈ అని తయారుచేసి, దాన్ని ఒక యాంటీబాడీకి కట్టారు. యాంటీబాడీ లింఫోమా అనే క్యాన్సర్ కణం మీదున్న సీడీ30 అనే గుర్తుని వెతుక్కుంటూ వెళ్తుంది. కణం దాన్ని లోపలికి మింగాకే విషం విడుదలవుతుంది. అదే బ్రెంటుక్సిమాబ్ వెడోటిన్, 2011లో అనుమతి వచ్చింది. పేరు చివర వెడోటిన్ అని ఉన్న మందులు ఇప్పుడు ఇంకా ఉన్నాయి, పోలటుజుమాబ్, ఎన్‌ఫోర్టుమాబ్ లాంటివి. అన్నిటి కొసనా ఉన్నది ఆ సయనోబ్యాక్టీరియా విషం పోలికే.

నేను ఆ సీసాలో పొడిని కలిపేటప్పుడు కుదపను, మెల్లగా తిప్పుతాను. నురగ రాకూడదు. హాడ్‌కిన్ లింఫోమా తిరగబెట్టిన ఒక అమ్మాయి, మెడ దగ్గర గడ్డలు బయటికే కనపడేవి, రెండో విడతకే స్కార్ఫ్ తీసేసి వచ్చింది. అందరికీ అలా జరగదు. కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు ఎక్కి మధ్యలో ఆపాల్సి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అయినా, ప్రశ్నార్థకం గారూ, పనికిరాదని పక్కన పెట్టిన అణువు ఇంకో దారిన తిరిగి వచ్చి పనిచేయడం నేను కళ్ళారా చూశాను.

వేపచెట్టు
గురువారం, ఉదయం 9:00

ఇదంతా చదివాక ఒక ప్రశ్న. సముద్రపు నాచు పొడులు, ఆల్గే మాత్రలు అమ్ముతున్నారు, క్యాన్సర్ తగ్గుతుందని కూడా రాస్తున్నారు. మరి ఇంత మందు సముద్రంలో ఉంటే అవి తింటే సరిపోదా?

తెల్లకోటు
గురువారం, ఉదయం 9:25

వద్దండీ, దయచేసి. పైన అగరుపళ్ళెం గారు చెప్పింది చూడండి, టన్నున్నర నత్తల్లో 30 మిల్లీగ్రాములు. పొడిలో మందు ఉండదు, ఉన్నా ఎంతుందో ఎవరికీ తెలియదు. సయనోబ్యాక్టీరియాలో కాలేయాన్ని దెబ్బతీసే విషాలు తయారుచేసే జాతులూ ఉన్నాయి. కీమోలో ఉన్నవాళ్ళు ఇలాంటివి తీసుకుంటే కాలేయం పరీక్షలు తారుమారై అసలు చికిత్స ఆగిపోతుంది. ఏది వాడినా ముందు మీ డాక్టరుకి చూపించండి.

ఒక్కటి మాత్రం ఉంది. పసిపిల్లల పాలపొడుల్లో కలిపే డీహెచ్ఏ అనే కొవ్వు చాలావరకు ట్యాంకుల్లో పెంచిన సముద్రపు సూక్ష్మజీవుల నుంచే వస్తుంది. కానీ అది ఆహారం, క్యాన్సర్ మందు కాదు.

జన్యులిపి
గురువారం, రాత్రి 8:15

ఆలస్యంగా చేరాను. నాది కంప్యూటర్ వైపు పని, బ్యాక్టీరియా జన్యువుల్ని చదవడం.

2007లో సాలినిస్పోరా ట్రోపికా జన్యువు మొత్తం చదివారు. అందులో దాదాపు పదో వంతు ఇలాంటి పదార్థాల తయారీకే కేటాయించి ఉంది. కానీ ల్యాబ్‌లో అది తయారుచేసి చూపించినవి మాత్రం కొన్నే. మిగతా వంటకాల పద్ధతి జన్యువులో రాసుంది, పొయ్యి వెలిగించడం లేదు. ఎందుకంటే పళ్ళెంలో శత్రువు లేడు, ఆకలి లేదు. పక్కన ఇంకో బ్యాక్టీరియాని పెట్టి పెంచితేనో, ఉప్పు మోతాదు, వేడి, తిండి మారిస్తేనో కొన్నిసార్లు నిద్రలేస్తాయి. లేవనివాటి జన్యువుల గుంపుని మొత్తంగా కోసి, ఇంకో మచ్చికైన బ్యాక్టీరియాలో పెట్టి చూస్తున్నారు. పెంచడానికి లొంగని జీవి విషయంలో ఇదే దారి. స్పాంజిలోని ఎంటోథియోనెల్లా అనే బ్యాక్టీరియాని పెంచకుండానే, దాని జన్యువు చదివి, ఆ స్పాంజిలో తెలిసిన పదార్థాల్లో దాదాపు అన్నిటికీ అదే తయారీదారు అని యోర్న్ పీల్ బృందం 2014లో చూపించింది.

నీలికెరటం గారి ప్రశ్నకి నా సమాధానం ఇది. మిల్లీలీటరు సముద్రపు నీటిలో పది లక్షల దాకా బ్యాక్టీరియా ఉంటుంది. పళ్ళెంలో పెరిగేది అందులో నూటికి ఒకటి కూడా కాదు. మనం సముద్రాన్ని వెతికామని అంటున్నాం గానీ, ఆ ఒక్క శాతంలోనే వెతికాం.

అగరుపళ్ళెం
గురువారం, రాత్రి 11:40

జన్యులిపి గారు చెప్పిన ఒక్క శాతంలో కూడా ఇంకో కష్టం ఉంది. దొరికిందే మళ్ళీ దొరకడం.

నాలుగో ఏట నాకు ఒక బ్యాక్టీరియా దొరికింది. దాని సారం క్యాన్సర్ కణాల మీద వేస్తే చాలా పలచన చేసినా పనిచేసింది. పద్నాలుగు నెలలు దాంతోనే ఉన్నాను. 40 లీటర్లు పెంచాను. ద్రవంలో రెసిన్ గింజలు వేసి, వాటికి పట్టిన పదార్థాన్ని అసిటోన్‌తో కడిగి, భాగాలుగా విడదీసి, చివరికి ఏడు మిల్లీగ్రాముల లేత పసుపు పొడి మిగిలింది. బరువు కొలిచి, నిర్మాణం తేల్చితే అది స్టారోస్పోరిన్. 1977లో నేల బ్యాక్టీరియా నుంచి ప్రకటించినదే. ఆ సాయంత్రం ఆ చిన్న సీసాని చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడైతే మొదటి వారంలోనే మాస్ స్పెక్ట్రమ్ (అణువుల బరువు చెప్పే పరీక్ష) చూసి, తెలిసినవాటితో పోల్చి పక్కన పెడతాం. అప్పుడు మాకు అంత సులువు లేదు.

అయినా దానిమీద నాకు కోపం లేదు. స్టారోస్పోరిన్ నుంచి వచ్చిన మిడోస్టారిన్ అనే మందుకి 2017లో ఏఎంఎల్‌కే అనుమతి వచ్చింది. నీలికెరటం గారూ, మీ తమ్ముడికి ఎఫ్ఎల్‌టీ3 అనే జన్యుమార్పు ఉంటే ఆ పేరు మీరూ విని ఉంటారు.

లోతునీళ్ళు
శుక్రవారం, ఉదయం 10:30

నేను నీళ్ళలోకి దిగి నమూనాలు తెచ్చేవాణ్ణి. స్పాంజిని తెంపి టన్నుల్లో పోగేసే రోజులు పోవడమే నాకు అన్నిటికన్నా సంతోషం. ఇప్పుడు చిటికెడు మట్టి, బొటనవేలంత గొట్టంలో పట్టేంత చాలు. నేను వచ్చాక అక్కడ నా గుర్తు ఏమీ మిగలదు.

ఒక విషయం కలుపుతాను. నమూనా ఏ దేశపు నీళ్ళలో తీస్తే ఆ దేశానికి దాని లాభంలో వాటా ఉండాలని 2010 నాటి నగోయా ఒప్పందం. ఏ దేశానికీ చెందని నడిసముద్రం సంగతి చాలాకాలం అలా వదిలేశారు. దానికోసం 2023 జూన్‌లో ఐక్యరాజ్యసమితిలో ప్రత్యేక ఒప్పందం కుదిరింది. లోతట్టు గనుల తవ్వకం మాట వస్తున్నప్పుడు నాకు భయమేస్తుంది. జన్యులిపి గారు అన్నట్టు ఇంకా పెంచలేకపోయినవి ఆ మట్టిలోనూ ఉంటాయి కదా.

ప్రశ్నార్థకం
శుక్రవారం, మధ్యాహ్నం 2:15

నా చివరి అనుమానం డబ్బు. యాంటీబయాటిక్ మంచిదైతే దాన్ని దాచి వాడాలి, అప్పుడు అమ్మకం ఉండదు. 2018లో ప్లాజోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కి అనుమతి తెచ్చుకున్న సంస్థ 2019లోనే దివాలా తీసింది. సూక్ష్మజీవి దొరికినా, అణువు దొరికినా, నడిపించేవాడు లేకపోతే ఎలా?

మందులమాస్టారు
శుక్రవారం, సాయంత్రం 6:00

దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు నాయనా. బ్రోత్సు తన బూజు గురించి మొదట రాసింది ఎక్కువమంది చదవని చిన్న స్థానిక పత్రికలో. ఎవరికీ పట్టలేదు. ఆ నమూనా ఆక్స్‌ఫర్డ్ చేరడం వల్లే అది బతికింది. అక్కడ దానిమీద పనిచేసినవాళ్ళకి జీతం ఇచ్చింది ప్రజల డబ్బు. యాంటీబయాటిక్‌ని మంటలార్పే దళంలా చూడాలి, మంటలు రాని ఏడు కూడా జీతమివ్వాలి అన్నది నా అభిప్రాయం. అమ్మిన మాత్రల లెక్కతో కాకుండా సిద్ధంగా ఉంచినందుకు ఏటా ఇంతని చెల్లించే పద్ధతి బ్రిటన్‌లో మొదలైంది. మిగతావాళ్ళూ ఆ దారికి రావాలి.

నీలికెరటం
ఆదివారం, రాత్రి 9:00

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఇవన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. తెల్ల రక్తకణాలు బాగా తక్కువగా ఉండటంతో గది బయటికి రానివ్వడం లేదు. వాడికి అన్నిటికన్నా నచ్చింది స్పాంజి ఒంట్లో కాపురం ఉండే బ్యాక్టీరియా సంగతి. ఎఫ్ఎల్‌టీ3 గురించి డాక్టరుని అడిగాం, లేదన్నారు. ఎముక మూలుగు పరీక్ష వచ్చే వారం.

అగరుపళ్ళెం గారూ, మీ పళ్ళేల్లో ఇప్పుడు ఏమున్నాయి అని వాడు అడుగుతున్నాడు.

అగరుపళ్ళెం
ఆదివారం, రాత్రి 10:05

ఈ సోమవారమే, మీరు మొదటి ప్రశ్న వేసిన రోజే, 24 పళ్ళేలు అద్దాను. లోతునీళ్ళు గారి లాంటివాళ్ళు తెచ్చిన మట్టి, 30 మీటర్ల లోతుది. ఇప్పటికి ఏమీ లేదు, తేటగా ఉన్నాయి. తమ్ముడికి చెప్పండి, చూస్తూ ఉంటానని.

నీలికెరటం
మూడు వారాల తర్వాత, మంగళవారం, ఉదయం 11:30

మూలుగులో క్యాన్సర్ కణాలు ఐదు శాతంకన్నా తక్కువ ఉన్నాయన్నారు. రెమిషన్, అంటే జబ్బు అదుపులోకి వచ్చింది అన్నారు. ఇంకా విడతలున్నాయి, మళ్ళీ సైటరబిన్, ఈసారి ఎక్కువ మోతాదు. అయినా ఈరోజు మెట్లు దిగి ఆవరణలో చెట్టుకింద పావుగంట కూర్చున్నాడు.

అగరుపళ్ళెం
మరో రెండు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 5:20

తమ్ముడికి ఈ మాట చెప్పండి. 24లో 19 పళ్ళేల్లో మామూలువే. రెండింటికి బూజు పట్టింది. రెండు ఎండిపోయాయి, టేపు సరిగ్గా అంటలేదు. పదకొండో పళ్ళెంలో, ఆరో అద్దు దగ్గర, ఆవగింజంత నారింజ రంగు చుక్క ఒకటి లేచింది. సూదితో కదిపితే కదలదు, అగర్‌లోకి వేళ్ళు దించినట్టు పట్టుకుంది. ఇవాళ దాని నడుమ నలుపు తిరిగింది, అంటే బీజాలు కడుతోంది.

దాని డీఎన్ఏ ఇంకా చదవలేదు. రేపు కొంచెం కోసి మూడు ఫ్లాస్కుల్లో వేస్తాను, రెండింటిలో సముద్రపు నీళ్ళు, ఒకదాంట్లో మంచినీళ్ళు.